మూడు నెలల కుక్కపిల్లను క్రేట్‌లో ఉంచి గడియ పెట్టవచ్చా?

ప్రశ్న (మియాపూర్, హైదరాబాద్ నుంచి)

అందరికీ నమస్కారం. పదిహేను రోజుల క్రితం మా ఇంటికి ఒక లాబ్రడార్ కుక్కపిల్ల వచ్చింది. దాని వయసు మూడు నెలలు. వెన్న రంగులో ఉండడంతో మా అమ్మాయి దానికి జున్ను అని పేరు పెట్టింది. నేనూ మా వారూ ఇద్దరమూ ఉద్యోగస్తులమే. వారంలో మూడు రోజులు ఇద్దరమూ ఆఫీసుకు వెళ్ళవలసి ఉంటుంది, మిగిలిన రెండు రోజులు ఇంటి నుంచే పని చేస్తాము. ఇంట్లో మా అత్తయ్య ఉంటారు గాని, ఆవిడకు డెబ్బై ఏళ్ళు దాటాయి. మోకాళ్ళ నొప్పుల వల్ల వంగి నేల తుడవడమూ, పిల్ల వెనక పరుగెత్తడమూ ఆవిడ వల్ల కాదు.

పిల్లను అమ్మిన ఆయన దానితో పాటు ఇనుప తీగల క్రేట్ ఒకటి కూడా మాకు అంటగట్టారు. పొడవు 42 అంగుళాలు. కుక్క పెద్దదయ్యాక కూడా పనికొస్తుందనీ, ఆఫీసుకు వెళ్ళేటప్పుడు అందులో పెట్టి గడియ వేసి వెళ్తే ఎనిమిది గంటలైనా నోరెత్తకుండా పడి ఉంటుందనీ చెప్పారు. మేము దానిని వంటింటి వెనక యుటిలిటీలో వాషింగ్ మెషిన్ పక్కన పెట్టాము. మొదటి రాత్రి పది గంటలకు పిల్లను లోపల ఉంచి తలుపు వేస్తే రెండున్నర వరకు ఏడుస్తూనే ఉంది. తెల్లవారి చూస్తే ఒక మూల మలమూత్రాలు చేసి, ఇంకో మూల ముడుచుకుని పడుకుంది. మూడో రోజుకల్లా పై అంతస్తు వారు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో, ఎవరింట్లోనో కుక్కను హింసిస్తున్నారని రాశారు. పేరు పెట్టలేదు గాని అది మాకేనని అందరికీ తెలుసు.

బోనులో పెట్టేది పులిని, లేదంటే ఎలుకను, అంతేగాని ఇంటి కుక్కను బోనులో పెట్టడమేమిటని మా అత్తయ్య అడుగుతున్నారు. తెనాలిలో వారింట్లో ముప్పై ఏళ్ళ పాటు కుక్కలున్నాయట, ఒక్కదాని మెడకైనా గొలుసు వేయలేదట. కుక్క గుహలో ఉండే జంతువనీ, క్రేట్ దానికి సొంత గది వంటిదనీ మా వారు వీడియోలు చూపించి వాదిస్తున్నారు. వీరిద్దరి మధ్యా నేను నలిగిపోతున్నాను. క్రేట్ వాడడం నిజంగా క్రూరమేనా, కాకపోతే పగలు ఎన్ని గంటలు ఉంచవచ్చు, రాత్రి ఏడిస్తే తలుపు తీయాలా వద్దా, రేపు వేసవిలో ఏం చేయాలి అన్నవి నా సందేహాలు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.


జవాబు (విజయవాడ నుంచి, విశ్రాంత పశువైద్యుడు)

అమ్మా, నేను పశుసంవర్ధక శాఖలో 31 సంవత్సరాలు పనిచేశాను. మీరు రాసినదంతా చదివాక నా కళ్ళు ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాయి. ఒక మూల మలమూత్రాలు చేసి, ఇంకో మూల పడుకుందన్నారు. పడుకునే చోటును పాడు చేసుకోవడం కుక్కకు ఇష్టం ఉండదు. కళ్ళు తెరిచి కాళ్ళు నిలదొక్కుకున్న కొద్ది రోజులకే, అది తల్లి పక్క నుంచి నాలుగడుగులు అవతలికి వెళ్ళి పని ముగించుకుని వస్తుంది. క్రేట్‌తో శుభ్రత నేర్పడమంటే ఈ సహజ గుణాన్ని వాడుకోవడం తప్ప మరొకటి కాదు. 42 అంగుళాలన్నది ఎదిగిన లాబ్రడార్‌కు సరిపోయే కొలత. మూడు నెలల పిల్లకు అంత చోటు ఇస్తే, అది అందులోనే పడకగదినీ మరుగుదొడ్డినీ వేరువేరుగా ఏర్పాటు చేసుకుంది. తప్పు దానిది కాదు. నిలబడితే తల పైకి తగలకుండా, తన చుట్టూ తాను తిరిగేంత, నాలుగు కాళ్ళూ చాచి పక్కకు ఒరిగి పడుకునేంత చోటు మిగిల్చి, తక్కినదానిని అడ్డుపలకతో మూసివేయండి. క్రేట్‌తో పాటు పలక రాకపోతే ప్లైవుడ్ ముక్క ఒకటి కోయించి తీగతో బిగించండి. అట్టపెట్టె ముక్క పెడితే సాయంత్రానికి తినేస్తుంది. పిల్ల పెరిగే కొద్దీ పలకను వెనక్కి జరుపుతూ పోవాలి.

ఇందులో మీకు ఒక అదృష్టం కూడా ఉంది. అమ్మకం కోసం ఇరుకు బోనుల్లో, తమ మలంలోనే పడుకుంటూ పెరిగిన పిల్లలు ఈ గుణాన్ని పోగొట్టుకుంటాయి. వాటికి క్రేట్ ద్వారా శుభ్రత నేర్పడం చాలా కష్టం. మీ జున్ను అంత అయోమయంలోనూ మూల వెదుక్కుంది కాబట్టి ఆ గుణం దానికి ఇంకా చెడలేదు.

కుక్క గుహ జంతువన్న మాటను అంత గట్టిగా నమ్మవద్దని మీ వారితో చెప్పండి. తోడేళ్ళు కూడా పిల్లల్ని పెట్టినప్పుడు మాత్రమే, అవి బయట తిరగగలిగే దాకా, గుహను వాడుకుంటాయి. మన ఊరి కుక్కలను చూడండి. ఈనబోయే కుక్క గడ్డివాము కిందనో, తూము లోపలనో, మెట్ల కిందనో చోటు చూసుకుంటుంది. మిగిలిన కాలమంతా ఇసుక కుప్ప మీద, ఆగి ఉన్న లారీ నీడలో, వాకిట్లో పడుకుంటుంది. ఆ తూముకు తలుపు ఉండదు. ఉక్కపోస్తే, భయం వేస్తే, తల్లి లేచి వెళ్ళిపోతుంది. కాబట్టి కప్పు ఉన్న చిన్న చోటు కుక్కకు ఇష్టమన్నంత వరకు నిజమే గాని, గడియ పెట్టిన చోటు ఇష్టమన్నది మనం కలిపిన మాట. దానిని ఓపికగా అలవాటు చేయాలి.

ఎంతసేపని అడిగారు. పిల్ల వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే వచ్చినన్ని గంటలు మూత్రం ఆపుకోగలదని ఒక మోటు లెక్క ఉంది. అది హద్దే గాని లక్ష్యం కాదు. మూడు నెలల పిల్లకు పగటి పూట రెండు గంటలు మించవద్దని నేను చెబుతాను. నిద్ర లేచిన వెంటనే, తిన్న తరువాత, ఆడిన తరువాత దానిని బయటికి తేవాలి. రాత్రి నిద్రలో ఇంకొంత ఎక్కువ ఆపుకుంటుంది, అయినా మధ్యలో ఒక్కసారి లేవక తప్పదు. ఎనిమిది గంటలన్న పెద్దమనిషి మాట పక్కన పెట్టండి. ఎదిగిన కుక్కకైనా అది అలవాటుగా మారకూడని సమయం. మన భాషలో గడియ అంటే తలుపుకు వేసేదీ, ఇరవై నాలుగు నిమిషాల కాలమూ రెండూను. మొదటి పది రోజులూ పగటి పూట మీరు వేసే గడియ ఒక్క గడియను మించకుండా చూసుకుంటే లెక్క సులువుగా గుర్తుంటుంది.

అలవాటు చేసే పద్ధతికి వస్తే, ముందు క్రేట్‌ను యుటిలిటీ నుంచి తీసివేయండి. తల్లినీ తోబుట్టువులనూ విడిచి రెండు వారాలే అయింది, అంతలోనే మనుషుల వాసన లేని చోట, దడదడలాడే యంత్రం పక్కన ఒంటరిగా పెడితే ఏ పిల్లయినా ఏడుస్తుంది. పగలు హాల్లో, రాత్రి మీ మంచం పక్కన చేయి చాస్తే అందేంత దూరంలో ఉంచండి. నాలుగైదు రోజులు తలుపు వేయవద్దు, వెనక్కి కట్టేయండి. తిండి గిన్నెను మొదట గుమ్మం దగ్గర, తరువాత మధ్యలో, చివరికి లోపలి అంచున పెట్టండి. అప్పుడప్పుడు దాని కంటపడకుండా రెండు గింజల ఆహారం లోపల వేసి ఉంచితే, అదే మాటిమాటికీ వెళ్ళి వెదుక్కుంటుంది. ఆ తరువాత తింటున్నప్పుడు మాత్రమే తలుపు మూసి, గిన్నె ఖాళీ కాకముందే తెరవండి. అల్లరి చేసిందని కోపంతో ఒక్కసారి లోపలికి తోసినా ఈ శ్రమంతా వృథా అవుతుంది.

రాత్రి ఏడుపు గురించి మా తరం వారు తలుపు తీయవద్దని, తీస్తే అలుసవుతుందని చెప్పేవారు. నేనూ ఆ మాట ఎందరికో చెప్పాను. ఇప్పుడు చెప్పను. నిద్ర లేచి కుయ్ కుయ్‌మంటే మూత్రానికి కావచ్చు. లైటు ఎక్కువ వేయకుండా, మాట్లాడకుండా, ఆడించకుండా ఎత్తుకుని వెళ్ళి పని కానిచ్చి మళ్ళీ పడుకోబెట్టండి. టీకాల వరుస పూర్తయ్యే దాకా, అంటే దాదాపు నాలుగు నెలల వయసు వచ్చే దాకా, వీధి కుక్కలు తిరిగే చోట దానిని నేల మీద దింపకూడదు. కుక్కపిల్లలకు రక్తవిరేచనాలు తెచ్చే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది. అందుకని బాల్కనీలో ఒక ట్రేలో గడ్డిపలక ఏర్పాటు చేసుకోండి.

లోపల పక్కగా పాత చీరలతో కుట్టిన బొంత వేయాలని అందరికీ అనిపిస్తుంది. పళ్ళు వచ్చే వయసులో అది ప్రమాదం. నా సర్వీసులో రెండు పిల్లల పేగుల నుంచి చీర అంచు దారాలు తీయవలసి వచ్చింది. దారం ఒక కొస పొట్టలో చిక్కుకుని, మరో కొస పేగులోకి జారితే, పేగు కుచ్చిళ్ళలా ముడతలు పడి కోసుకుపోతుంది. చింపడం మానే దాకా మందపాటి రబ్బరు చాప చాలు. మెడపట్టీ తీయకుండా లోపల ఉంచవద్దు. పట్టీకి వేలాడే బిళ్ళ తీగల మధ్య ఇరుక్కుంటే పిల్ల గింజుకునే కొద్దీ మెడ బిగుసుకుంటుంది. ట్రే అంచుల్లోనూ తీగల అతుకుల్లోనూ పిడుదులు చేరతాయి కనుక వారానికొకసారి వేడినీళ్ళతో కడిగి ఎండలో ఆరబెట్టండి. ఘాటైన ఫినాయిల్ వాడవద్దు, ఆ ట్రేను అది నాకుతూ ఉంటుంది.

చట్టం సంగతి కూడా మీ పై అంతస్తు వారి కోసం చెబుతున్నాను. జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం 1960లో వచ్చింది. అందులోని 11వ సెక్షన్ ప్రకారం జంతువు కదలడానికి తగినంత ఎత్తు, పొడవు, వెడల్పు లేని బోనులో దానిని ఉంచడం నేరం. ఎప్పుడూ గొలుసుతోనో, ఇరుకు చోటనో ఉంచే కుక్కను తగినంతగా తిప్పకపోవడమూ యజమాని నేరమేనని అదే సెక్షన్ చెబుతుంది. మొదటి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. అది చదివి నవ్వాలో ఏడవాలో నాకు ఇప్పటికీ తెలియదు. క్రేట్ పేరెత్తి వాడవద్దని మన చట్టం చెప్పలేదు, వాడే తీరును మాత్రమే ప్రశ్నించింది.


జవాబు (డాలస్ శివారు, టెక్సస్ నుంచి)

డాక్టరు గారి మాటలకు ఒక అనుభవాన్ని జత చేస్తాను. అమెరికాలో కుక్కను పెంచే ఇళ్ళలో క్రేట్ మామూలే. మేము ఆరేళ్ళ క్రితం గోల్డెన్ రిట్రీవర్‌ను తెచ్చుకున్నప్పుడు కుక్కతో పాటు క్రేట్ కొనడం బియ్యంతో పాటు పప్పు కొన్నంత మామూలుగా జరిగిపోయింది. మొదటి సంవత్సరం మేమిద్దరమూ ఉదయం ఎనిమిదికి వెళ్ళి సాయంత్రం ఐదున్నరకు వచ్చేవాళ్ళం. మధ్యాహ్నం ఒక అమ్మాయి వచ్చి ఇరవై నిమిషాలు తిప్పి వెళ్ళేది. ఇక్కడ చాలామంది చేసేదే కాబట్టి అందులో తప్పేమీ కనిపించలేదు. రాత్రి కూడా అందులోనే పడుకునేది. ఒకనాడు మా అమ్మ ఊరి నుంచి వచ్చి, వేళ్ళు మడిచి లెక్కపెట్టి, దీనికి రోజులో బయట ఉండేది ఏడెనిమిది గంటలే కదరా అన్నప్పుడు గాని నాకు ఆ లెక్క తట్టలేదు. పగలు కొంత, రాత్రి కొంత అని విడివిడిగా చూస్తే సబబుగానే కనిపించే గంటలను మొత్తం కలిపి చూడాలి. ఆ తరువాత రాత్రి పూట తలుపు తీసి ఉంచడం మొదలుపెట్టాము. అది మాత్రం తన ఇష్టంతోనే అందులోకి వెళ్ళి పడుకుంటూ వచ్చింది.

అయితే క్రేట్‌కు అలవాటు పడి ఉండడం ఎంత మేలో నాలుగో ఏట తెలిసింది. మా కుక్కకు వెనక కాలి మోకాలిలో లిగమెంటు తెగి శస్త్రచికిత్స చేయవలసి వచ్చింది. శస్త్రచికిత్సలో కోసిన ఎముక అతుక్కునే దాకా ఎనిమిది వారాలు గెంతకుండా, మెట్లెక్కకుండా, సోఫా మీదికి దూకకుండా ఉంచాలని సర్జన్ చెప్పారు. అదే ఆసుపత్రికి అదే వారం వచ్చిన మరో కుక్కకు క్రేట్ అలవాటు లేదు. కోత నొప్పి ఒకవైపు, కొత్తగా బోను భయం ఒకవైపు, మత్తుమందులతో దాన్ని అణచి ఉంచవలసి వచ్చిందని వాళ్ళు బాధపడ్డారు. మాది మాత్రం తన పాత చోటే కదా అన్నట్టు వెళ్ళి పడుకుంది. కనుక గంటల తరబడి వాడినా వాడకపోయినా, తలుపు మూసినా భయపడకుండా ఉండడం నేర్పించి ఉంచండి. ఆసుపత్రిలో రాత్రి ఉండవలసి వచ్చినా, విమానంలో పంపవలసి వచ్చినా అది అక్కరకొస్తుంది.


జవాబు (విశాఖపట్నం నుంచి)

పైవారితో నాకు పేచీ లేదు గాని, క్రేట్ అన్ని కుక్కలకూ పడదన్న సంగతిని నేను మా కుక్క ఒంటి మీది గాయాలతో నేర్చుకున్నాను. మాది రెండేళ్ళ వయసులో వీధి నుంచి తెచ్చుకున్న నాటు కుక్క. ఒంటరిగా వదిలితే తలుపులు గీకుతోందని ఎవరో చెబితే క్రేట్ కొన్నాము. రెండు వారాలు పద్ధతిగానే అలవాటు చేశామని అనుకున్నాము. మేము ఇంట్లో ఉన్నంతసేపూ లోపల హాయిగా పడుకునేది. ఒక ఆదివారం గడియ వేసి, ఒక పెళ్ళికి వెళ్ళి మూడు గంటల తరువాత వచ్చి చూస్తే, ట్రే అంతా చొంగతో తడిసి ఉంది, ముందరి కాలి గోరు ఒకటి ఊడి రక్తం కారుతోంది, ఒక కోరపన్ను కొస విరిగింది. తలుపు దగ్గరి రెండు తీగలు బయటికి వంగి ఉన్నాయి. పాత ఫోనును కెమెరాగా పెట్టి వెళ్ళాను కనుక ఆ రాత్రి రికార్డు చూశాను. మేము లిఫ్టు ఎక్కిన నాలుగో నిమిషంలో మొదలై, మేము తిరిగి వచ్చే దాకా ఆగలేదు.

తరువాత మా కుక్కను చూసిన పశువైద్యురాలు, అది మొండితనం కాదని, ఒంటరితనం వల్ల వచ్చే తీవ్ర భయాందోళన అని చెప్పారు. దానికి క్రేట్ మందు కాదు, పారిపోయే దారి మూసివేయడం వల్ల భయం రెట్టింపవుతుంది. మందులు వాడుతూ, ముందు ముప్పై సెకన్లు, తరువాత ఒక నిమిషం, ఆ తరువాత రెండు నిమిషాలు అంటూ ఒంటరిగా ఉండడాన్ని విడిగా నేర్పించాము. ఏడు నెలలు పట్టింది. ఇప్పుడు గంటన్నర వరకు ఉండగలదు, అంతకు మించి మేము ప్రయత్నించము. ఆ క్రేట్‌ను అమ్మేశాను.

అందుకే మీకు నా సలహా ఒక్కటే. తలుపు వేసి వెళ్ళే మొదటి రోజునే కెమెరా పెట్టండి. గునుస్తూ, మధ్యలో ఆగి ఆవులించి, కాసేపటికి పడుకుంటే అది అలవాటు పడుతోందని అర్థం. ఆపకుండా వగర్చడం, చొంగ కార్చడం, తీగలను కొరకడం, ఎంత ఇష్టమైన తిండినైనా ముట్టకపోవడం కనిపిస్తే ఆ రోజుతో ఆపేయండి. తిండి ముట్టకపోవడం ఒక్కటి చాలు, లాబ్రడార్ విషయంలో ఇక వేరే రుజువు అక్కర్లేదు.


జవాబు (గోథెన్‌బర్గ్, స్వీడన్ నుంచి)

ఇంట్లో కుక్కను క్రేట్‌లో పెట్టి తలుపు వేయడం నేను ఉంటున్న దేశంలో నిబంధనలకు విరుద్ధం. ప్రయాణాలకూ, పోటీలకూ, అలాంటి కొన్ని సందర్భాలకూ మాత్రమే వాడనిస్తారు. ఫిన్లాండ్‌లోనూ దాదాపు ఇదే పద్ధతి. కుక్కను కనీసం ఆరు గంటలకొకసారి బయటికి తీసుకువెళ్ళాలని, పిల్లలనూ ముసలివాటినీ అంతకంటే తరచుగా తీసుకువెళ్ళాలని కూడా ఇక్కడ చెబుతారు. ఇది విని మీ అత్తగారు సంతోషిస్తారేమో గాని, ఇక్కడివారి ఏర్పాట్లు వేరని కూడా చెప్పాలి. పగలు పిల్లలను బడికి పంపినట్టు కుక్కలను సంరక్షణ కేంద్రాలకు పంపుతారు, ఆఫీసుకు వెంట తెచ్చుకునేవారూ ఉన్నారు.

మరి కుక్కపిల్లలను ఎలా అదుపులో ఉంచుతారని మీకు సందేహం రావచ్చు. తోటలో ఆకులూ కూరగాయల తొక్కలూ కుళ్ళబెట్టి ఎరువు చేయడానికి నిలబెట్టే ఇనుప జాలీ పలకలు ఇక్కడి దుకాణాల్లో చవకగా దొరుకుతాయి. వాటిని నాలుగైదు కలిపి హాల్లో ఒక మూల దడిలా కట్టేస్తారు. లోపల పక్క, నీళ్ళ గిన్నె, కొరకడానికి బొమ్మ, కాగితాలు పరిచిన మూల అన్నీ పడతాయి. పిల్ల నడవగలదు, ఆడుకోగలదు, ఒళ్ళు చాచుకుని నచ్చిన చోట పడుకోగలదు. మా కుక్కపిల్లను మేము అలాగే పెంచాము. శుభ్రత నేర్పడానికి క్రేట్‌తో కంటే కొన్ని వారాలు ఎక్కువ పట్టి ఉండవచ్చు, నాకు అందులో నష్టం కనిపించలేదు. మీకు అక్కడ కుక్కపిల్లల కోసమే చేసిన మడత దడులు దొరుకుతాయి. రెండు గంటలకు మించి ఉంచవలసిన ప్రతిసారీ క్రేట్ బదులు దడినే వాడండి. క్రేట్ తలుపు తీసి, క్రేట్‌నే ఆ దడి లోపల పెడితే మీ వారి మాట కూడా చెల్లుతుంది.


ప్రశ్న అడిగినవారి నుంచి, మూడు వారాల తరువాత

అందరికీ కృతజ్ఞతలు. ప్లైవుడ్ పలక బిగించాము, క్రేట్‌ను మా మంచం పక్కకు మార్చాము. మార్చిన మొదటి రాత్రే జున్ను ఇరవై నిమిషాలకు మించి ఏడవలేదు. నా చేతిని తీగల సందులోంచి లోపలికి పెట్టి పడుకున్నాను. తెల్లవారుజామున మూడింటికి ఒకసారి లేపింది, బాల్కనీలోకి తీసుకువెళ్ళాను. అప్పటి నుంచి ఒక్క రాత్రి తప్ప క్రేట్ తడవలేదు. కెమెరాలో చూస్తే కాసేపు గునిసి, రబ్బరు బొమ్మలో పెట్టిన పెరుగన్నం నాకుతూ నిద్రపోతోంది.

పగలు హాల్లో మడత దడి వేశాము. ఆఫీసు రోజుల్లో వంటావిడ పదకొండున్నరకు, వాచ్‌మన్ భార్య మూడింటికి వచ్చి దానిని బాల్కనీలోకి తీసుకువెళ్తున్నారు. అత్తయ్య కుర్చీలోంచి లేవనవసరం లేదు. ఒక గురువారం మాత్రం వాన వల్ల మూడింటికి ఎవరూ రాలేదు, దడి తలుపు పొరపాటున తెరిచి ఉండడంతో అత్తయ్య దానిని బిస్కెట్లతో మభ్యపెట్టి క్రేట్‌లోకి పంపి గడియ వేశారు. మేము వానలో ఇరుక్కుని ఇంటికి చేరేసరికి ఏడయింది. లోపలంతా పాడైపోయింది. ఆ తరువాత నాలుగు రోజులు గుమ్మం దగ్గర గిన్నె పెట్టినా లోపలికి తల పెట్టలేదు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టవలసి వచ్చింది.

విచిత్రమేమిటంటే, బోను అని తిట్టిపోసిన అత్తయ్యే ఇప్పుడు దానికి పల్లకి అని పేరు పెట్టారు. వెలుతురుకు నిద్ర పట్టదేమోనని తన పాత వెంకటగిరి చీర ఒకటి పైన కప్పారు. పదినిమిషాల్లో జున్ను ఆ చీర కొంగును తీగల సందులోంచి లోపలికి లాగి సగం చింపేసింది. డాక్టరు గారి మాట గుర్తొచ్చి గుండె ఆగినంత పనైంది. ముక్కలన్నీ పరిచి, పేర్చి చూసుకున్నాము, ఏదీ మింగలేదు. పైన కప్పడానికి ఏది వాడాలి, వేసవిలో ఏం చేయాలి అన్నవి మిగిలాయి. సంక్రాంతికి తెనాలి వెళ్ళాలి, రైల్లో తీసుకువెళ్ళవచ్చా అన్నది కొత్త సందేహం.


జవాబు (విజయవాడ నుంచి, విశ్రాంత పశువైద్యుడు)

కొంగు ముక్కలను పేర్చి చూడడం మంచి పని చేశారు. అయినా రెండు మూడు రోజులు వాంతులు, తిండి మానడం, ముక్కుతూ విరేచనానికి కూర్చోవడం ఉన్నాయేమో గమనించండి. మలద్వారం దగ్గర దారం వేలాడుతూ కనిపిస్తే చేత్తో లాగవద్దు, ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. పైన కప్పడానికి గుడ్డ వద్దు. క్రేట్ కంటే నాలుగంగుళాలు పెద్దదైన చెక్క పలకను బల్లలా పైన పెట్టండి. నీడ వస్తుంది, పక్కల నుంచి గాలి ఆడుతుంది, నోటికి అందదు.

వేసవిలో హైదరాబాద్‌లో 40 డిగ్రీలు దాటిన రోజుల్లో పగటి పూట క్రేట్ తలుపు మూయనే వద్దు. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, వగర్చి వేడిని బయటికి పంపుకోవాలి. వేడెక్కినప్పుడు అది చేసే మొదటి పని లేచి చల్లని గచ్చు వెదుక్కోవడం, గడియ పెడితే ఆ ఒక్క దారీ మూసినట్టే. కరెంటు పోయి ఫ్యాను ఆగితే చెప్పేవారు కూడా ఉండరు. దాని మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది, 106 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. దడిని గచ్చు నేల మీద వేసి, ఒక మూల తడి గోనె పరిచి, రెండు గిన్నెల్లో నీళ్ళు పెట్టండి. ఒకటి తప్పకుండా బోర్లిస్తుంది.

రైలు విషయానికి వస్తే, గార్డు పెట్టెలోని డాగ్ బాక్స్‌లో ఈ వయసు పిల్లను పంపవద్దు. అది చీకటిగా, ఇనుపగా ఉంటుంది, ప్రతి స్టేషన్‌లోనూ మీరు పరుగెత్తి చూసుకోవాలి. ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మీ పేర దొరికితే వెంట ఉంచుకోవచ్చు. లేదంటే కారే మేలు. వెనక సీటు మీద క్రేట్ పట్టకపోతే డిక్కీలో మాత్రం పెట్టవద్దు, కుక్క ఛాతీకీ నడుముకీ వేసే పట్టీని (హార్నెస్) సీటు బెల్టుకు తగిలించండి. బయలుదేరడానికి మూడు గంటల ముందు తిండి ఆపేసి, సూర్యాపేట దగ్గర ఒకసారి దింపి నీళ్ళు పట్టండి.